రోహిణికార్తెలో ఒక పెరడు

యాత్రలు చేసినవారు కాశీని గూర్చియు, బదరిని గూర్చియు వ్రాయుదురు. ఈ వేసవిలో మేము చేసిన యాత్ర వంటయింటి గడప మొదలు దొడ్డిగోడ వరకు. దూరము నలువది యడుగులకు మించదు. అయినను పోయి వచ్చుటకు తెల్లవారుజాము మొదలు దీపాలవేళ వరకు పట్టినది. అచట చూచినది చూచినట్లు సోదరీమణులకు చెప్పవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా పుట్టినిల్లు రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు సమీపముననే యున్నది. మా చిన్నతనమున ఆ వీధి పొడవునను పెంకుటిండ్లును, ప్రతి యింటి వెనుక నొక పెరడును ఉండెడివి. ఇప్పుడు తక్కిన యిండ్లన్నియు నాలుగంతస్తుల మేడలైనవి. పెరళ్ళు బండ్లు నిలుపుకొను చోట్లైనవి. మా తమ్ముడు మాత్రము ఇంకను అమ్మలేదు. నుయ్యి, నూతిప్రక్క ముసలి నిమ్మచెట్టు, ఒక కొత్తపల్లి కొబ్బరిమామిడి, గోడవార మందారములు, ఎవరును నాటకయే గబ్బిలము పడవైచిన కాయనుండి మొలచిన నాటుబాదము మొక్క, వీని నడుమ మా యమ్మ నాటిన కరివేపచెట్టు. అమ్మ పోయి ఆరేండ్లైనది. ఆమె చేతి పచ్చడిజాడీలు పగిలినవి, ఆమె నేసిన తాటాకు విసనకఱ్ఱ చివికినది. చెట్టు మాత్రము నిలిచినది.

రోహిణికార్తె వచ్చిన రెండవనాడు మేము అచటికి చేరితిమి. రోహిణిలో రోళ్ళు పగులునందురు. రోలు పగులలేదు గాని మా మరదలి గుండె మాత్రము పగిలియుండెను. రాత్రి భోజనములైన పిమ్మట ఆమె దీపము పట్టుకొని మమ్ము పెరటిలోనికి తీసికొనిపోయి కరివేపచెట్టు చూపినది. చెట్టున సగము ఈనెలే మిగిలినవి. ఆకుకొక పురుగు చొప్పున కూర్చుండి నమలుచున్నది. గూటిలోనుండి యొక సీసా తీసి చూపి, "వదినగారూ, రేపు సాయంత్రము మందు కొట్టు మనిషి వచ్చును. అంగడిలో ఇదియే మంచిదన్నారు," అని చెప్పినది.

మాకు కోపము వచ్చినది. కరివేపాకనగా పైన చల్లి పారవేయు వస్తువు కాదు. దినమునకు రెండుమార్లు పిల్లల కంచములలో పడునది. కేరళములోని కాసరగోడు ప్రాంతమున జీడిమామిడి తోటలపై ఏండ్ల తరబడి చల్లిన ఎండోసల్ఫాను అను మందువలన జనులు పడిన బాధయు, 2011లో సుప్రీముకోర్టు ఆ మందును దేశమంతట నిషేధించుటయు ఆమె యెరుగనివి కావు. ఆ మాటయే అనబోతిమి. అంతలో ఆమె, "అత్తగారు నాటిన చెట్టు. నా చేతిలో పోయినదన్న మాట నాకు రాకూడదు," అని కన్నుల నీరు పెట్టుకొన్నది. మా కోపము నోటిలోనే యుండిపోయినది. ఆడపడుచు వచ్చినవేళ అత్తగారి చెట్టు ఎండి కనబడుట యెట్టిదో కోడలికి గాక యెవరికి తెలియును?

"అమ్మాయీ, సీసా విప్పుటకు రేపు సాయంత్రమువరకు గడువిమ్ము. ఈ పురుగులు పగలెల్ల ఏమి చేయునో, వీనిని ఎవరేమి చేయుదురో ఒక దినము కూర్చుండి చూచెదము," అంటిమి. ఆమె యొప్పుకొన్నది. తమ్ముని కూతురు, ఏడేండ్ల పిల్ల, తానును కూర్చుండెద నన్నది.

తెల్లవారుజామున అయిదు గంటలకు నులకమంచము నూతిప్రక్క వాల్చుకొంటిమి. అప్పటికే ఎదుటిమేడ పిట్టగోడపై పెద్దనలంచి పాట యెత్తుకొన్నది. వీపు నలుపు, పొట్ట తెలుపు, రెక్కపై నొక తెల్లచార. తోక నిక్కించి నిలిచి, ఆగుచు, మరల నెత్తుకొనుచు ముప్పావుగంట పాడినది. పాడునది మగపక్షియే, ఆడుది బూడిదవన్నెతో నిమ్మచెట్టు మొదట మౌనముగా పురుగులేరుకొనుచుండెను. ఏయింటి కథయైన నంతే గదా యని మేము నవ్వుకొంటిమి. నలంచి యన్న పేరు మా మేనకోడలికి తెలియదు. 1862 మొదలు 1864 వరకు భారతదేశపు పక్షులను గూర్చి ఆంగ్లమున పెద్దగ్రంథము ప్రకటించిన జెర్డను అను వైద్యుడు, నెల్లూరిలో పనిచేసినవాడు, పక్షులకు తెలుగువారి నోటి పేర్లు గూడ అడిగి వ్రాసికొన్నాడు. పెద్దనలంచియు, కుట్టుపిట్టకు లిక్కుజిట్టయు, జెముడుకాకియు అందున్నవి. పరదేశి వ్రాసిపెట్టెను, మనము మరచితిమి.

వెలుగు వచ్చిన పిమ్మట కరివేపను దగ్గరగా చూచితిమి. పురుగులన్నియు ఒక్క రీతివి కావు. చిన్నవి నలుపు తెలుపు కలిసి, అచ్చముగా ఆకుపై పడిన పక్షిరెట్టవలె నున్నవి. రెట్టను తినుటకు ఏ పక్షి వచ్చును? అదియే వాని రక్షణము. పెద్దవి ఆకుపచ్చగా మారి, ఆకులో నాకై కూర్చున్నవి. పిల్ల యొక పుల్లతో పెద్దదాని వీపు తాకినది. తోడనే దాని మెడ వెనుకనుండి ఎర్రని రెండు కొమ్ములు పైకి లేచినవి. గుప్పున నొక వెగటువాసన వచ్చినది. పిల్ల కేకవైచి మా యొడిలో పడినది. క్షణమునకు కొమ్ములు లోనికి పోయినవి, పురుగు మరల నమలసాగినది.

ఇవి నిమ్మ సీతాకోకచిలుక పిల్లలు. నలుపుపై పసుపుమచ్చలు గల ఆ చిలుకను మీరందరును చూచియే యుందురు. నిమ్మ, నారింజ, మారేడు, కరివేప ఇవన్నియు ఒక్క కుటుంబపు చెట్లని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాయ చూచినను, ఆకు చూచినను మనకా బంధుత్వము తోచదు. చిలుక మాత్రము ఆకుపై వ్రాలి ముందుకాళ్ళతో తట్టి చూచును. దానికి రుచి కాళ్ళలో నున్నది. తన పిల్లలు తినదగినదని తేలినపుడే ముత్యమువంటి గ్రుడ్డు నొకదానిని అంటించి పోవును. పెండ్లి సంబంధములు వెదకు పెద్దలకు గూడ అంత నిదానము కలదో లేదో!

ఏడు గంటలకు మరదలు కాఫీ తెచ్చి యిచ్చుచు, "పురుగులే గాని వానిని తినువారెవరును రాలేదే!" అనినది. ఆ మాట ముగియకమునుపే బాదము మొక్కవద్ద ట్విట్, ట్విట్, ట్విట్ అని పెద్ద చప్పుడు. ఇంత గొంతు ఏ పక్షిదో యని చూడగా, బొటనవ్రేలంత పిట్ట. తలపై ఇటుకరంగు టోపీ, పసరువన్నె వీపు, నిలువున నిక్కిన తోక. అది కుట్టుపిట్ట, దర్జీపిట్ట యనియు అందురు. బాదము మొక్క మన నడుమెత్తున నున్నది. అందొక వెడల్పాటి యాకు అంచులు రెండును దగ్గరకు లాగి కుట్టబడి దొప్పవలె నున్నది. పిట్ట ముక్కుతో ఆకంచున బెజ్జము పొడిచి, ప్రత్తిదూదియో సాలెపట్టో అందులో దూర్చును. ఆ పోగు అవతల ఉబ్బి మరల వెలికి రాదు. సూదియు ముక్కే, కత్తెరయు ముక్కే. ఆ దొప్పలో దూదియు పీచును పరచి మూడు పిల్లలు. కన్నులు తెరచినవి, రెక్కలకింకను ఈకలు సరిగా రాలేదు. రెండేండ్లుగా కుట్టుపని నేర్చుకొనుచున్న మా మరదలు వంగి చూచి మరి మాటలాడలేదు.

తల్లిదండ్రులు రెండును మేత తెచ్చుచుండెను. ఎన్నిమార్లు వచ్చునో లెక్కింపవలెనని పిల్లచేతికి చింతపిక్కల డబ్బా యిచ్చి, పిట్ట వచ్చినప్పుడెల్ల ఒక పిక్క పళ్ళెములో వేయుమంటిమి. ఏడున్నర మొదలు ఎనిమిదిన్నర వరకు ఇరువదిమూడు పిక్కలు పడినవి. తెచ్చినవాటిలో సాలీళ్ళు, చిన్నరెక్కల పురుగులు, మందారముపై నుండు పచ్చపురుగులు కలవు. కరివేపనుండి మా కన్నులయెదుట నాలుగుమార్లు పురుగును తీసికొనిపోయినవి, అవన్నియు చిన్నవే. రెట్టవేషము కుట్టుపిట్టయెదుట సాగలేదు. కొమ్ముల పెద్దపురుగులను ఒకటియు తాకలేదు. సత్యము చెప్పవలెను గదా: ముప్పదికి పైబడిన పురుగులలో నాలుగు పోయినంత మాత్రమున చెట్టు బాగుపడదు. మరదలు గూడ ఆ లెక్క వేసికొనినట్లు ఆమె మొగము చెప్పుచుండెను.

పది దాటినపిదప ఎండ నిప్పులు చెరగినది. మరదలు డాబాపై వడియములు పెట్టి పాతచీర కప్పివచ్చినది. గోరవంకలు చీర కొంగు ముక్కుతో లాగి దాని క్రింద దూరినవి. పైకి పోయి అదలించుటయే యొక పని యైనది. కోకిల మామిడిలో గొంతు చించుకొనుచుండెను. పన్నెండగుసరికి అదియు నూరకున్నది. నూతిపళ్ళెముపై కాకి యొకటి రెక్కలు దూరముగా పెట్టి, నోరు తెరచి ఆయాసపడుచు నిలిచినది. పక్షులకు చెమట పట్టదు. నోరు తెరచి ఊపిరి విడుచుటయే వాని విసనకఱ్ఱ. పిల్ల మూకుటిలో నీళ్ళు పోసిపెట్టినది. మొదట కాకియు, పిమ్మట గోరవంకలును, కడపట బెదరుచు బెదరుచు ఉడుతయు వచ్చి త్రాగినవి. మేమును ముంజెలు తిని, మజ్జిగ త్రాగి, మంచము మామిడి క్రిందికి జరుపుకొంటిమి.

ఆ చెట్టుకింద కూర్చున్నవారికి కునుకు పట్టదు, ఎర్రచీమలు పట్టనీయవు. అవి మామిడాకులను దగ్గరకు చేర్చి బంతివంటి గూడు కట్టును. ఆనాడొక క్రొత్తగూడు కట్టుచుండెను. వరుసగా నిలిచి ఒకదాని నడుము నింకొకటి పట్టుకొని గొలుసువలె ఆకులను లాగినవి. తరువాత మరికొన్ని తమ పిల్లపురుగులను నోట కరచుకొని వచ్చి, ఆ ఆకునుండి ఈ ఆకునకు, ఈ ఆకునుండి ఆ ఆకునకు త్రిప్పసాగినవి. ఆ పసిపురుగు నోటినుండి పట్టుపోగు వచ్చును; పెద్దచీమలకు రాదు. పసివానిని నాడెవలె త్రిప్పి ఇల్లు నేయుట మరెక్కడను చూడలేదు. బాదముపై నొక దర్జీ, మామిడిపై నొక సాలె. నడుమ మందు సీసా.

ఈ చీమలను పూర్వము చీనాదేశమున నారింజతోటల వారు గూళ్ళతో గూడ కొనుక్కొని తెచ్చి చెట్లకు కట్టెడివారు. 304 ప్రాంతమున వ్రాయబడినదని చెప్పు ఒక గ్రంథమున, ఆ చీమలు లేని నారింజచెట్ల పండ్లు పురుగుపట్టి చెడునని యున్నదట. ఈ మాట వినగానే పిల్ల ఆ గూడు నొకదానిని కోసి కరివేపకు కట్టుదమన్నది. ఆ కొమ్మ ముట్టిన తమ్ముని చేయి సాయంత్రమువరకు మండినది. ఆ యత్నము అంతటితో ఆగినది.

మధ్యాహ్నము మా పెద్దమ్మ నిద్రలేచి వంటయింటి వసారాలో కూర్చుండినది. ఎనుబదినాలుగేండ్లు, కన్ను కొంత మందగించినను చెవి చక్కగా వినిపించును. కిటికీచట్రముపై పసుపునలుపు చారల కందిరీగ ఝుమ్మని తిరుగుచు చిన్న మట్టికుండ కట్టుచున్నది. తడిమట్టి ఉండ నోట తెచ్చి, కుమ్మరి మూతి దిద్దినట్లు అంచు దిద్ది పోవును. ఒకమారు సన్నని పచ్చపురుగును కాళ్ళనడుమ ఇరికించుకొని వచ్చి కుండలో దూర్చినది. పెద్దమ్మ ఆ నాదము విని, "భ్రమరకీటక న్యాయమన్నది ఇదియే. పురుగును తెచ్చి గూటిలో పెట్టి, దానిచుట్టు నాదము చేయుచుండును. పురుగు భయముతో ఆ భ్రమరమునే ధ్యానించి ధ్యానించి తానును భ్రమరమగును. మనిషియు దైవమును అట్లే తలపవలెనని మా నాన్నగారు చెప్పెడివారు," అనినది.

నిరుడు కట్టిన గూడొకటి చట్రము ప్రక్కన ఖాళీగా నుండెను. దానిప్రక్కన ఈ దినములలోనే మూతవేసిన దొకటి సందులో చీపురు తగిలి నేలరాలినది. పగిలిన దానిని అరచేత పెట్టుకొని చూచితిమి. లోపల అయిదు పచ్చపురుగులు. చావలేదు, పుల్ల తాకిన కొంచెము కదలును గాని నడువజాలవు. కందిరీగ వానిని కుట్టి, కాలుచేయి ఆడకుండ చేసి, చెడిపోకుండ దాచినది. గూటి పైకప్పునుండి సన్ననిదారమున దాని గ్రుడ్డు వ్రేలాడుచున్నది. గ్రుడ్డునుండి పుట్టిన పిల్ల ఆ పురుగులను ఒక్కొక్కటిగా తిని, పెరిగి, రెక్కలు తొడుగుకొని గూడు తొలుచుకొని వచ్చును. లోనికి పోయినది పురుగు, వెలికి వచ్చినది కందిరీగ. నడుమ జరిగినది ఇది.

పెద్దమ్మకు చెప్పుటయా మానుటయా యని వెనుదీసితిమి. తుదకు చెప్పితిమి. ఆమె ఆ మట్టిపెంకును వ్రేళ్ళతో తడవి చాలసేపు ఊరకుండెను. తరువాత, "అయితే కానిమ్ము. మా నాన్నగారు చెప్పినది మనిషి కొరకు గాని పురుగు కొరకు కాదుగదా," అని, "ఆ పిల్లకు తిండి పారవేయకుడు, గూటిలోనే పెట్టుడు," అనినది. పగిలిన పెంకును కిటికీగూటిలో పెట్టితిమి. పెట్టినంత మాత్రమున అది బ్రదుకునని మాకు నమ్మకము లేదు.

నాలుగు గంటలకు ఎండ తగ్గు వేళ నూతివెనుకనుండి ఊప్, ఊప్, ఊప్ అని లోతుగా నొక కూత వచ్చినది. జెముడుకాకి. ఇటుకరంగు రెక్కలు, నల్లనిమేను, ఎర్రని కన్నులు. దానిని చూచిన శుభశకునమని పెద్దమ్మ చేతులు జోడించినది. అది మందారముల క్రింద నడచి నడచి, తొండనొకదానిని తరిమి, బాదము మొక్క దాపునకు వచ్చినది. కుట్టుపిట్టలు రెండును పైన పడి గగ్గోలు చేసినవి. అది లక్ష్యపెట్టక మొక్కపై కెగిరి, ఆకుదొప్పలో ముక్కు దూర్చి ఒక పిల్లను లాగుకొన్నది. పిల్ల కెవ్వున కేకవైచినది. మేము మంచమునుండి లేచులోపల మరదలు చీపురుతో పరుగెత్తినది. జెముడుకాకి దొరికినదానితో గోడదాటి పోయినది. దొప్పలో రెండు పిల్లలు మిగిలినవి. మరదలు చీపురు పట్టుకొని గోడవైపు చూచుచు రొప్పుచు నిలిచినది. పెద్దమ్మ వసారాలోనుండి, "దాని గూటిలోనుగూడ నోళ్ళు తెరచుకొని యుండునే, అమ్మాయీ," అనినది. మరదలు సమాధానము చెప్పలేదు. మాకును ఏమియు తోచలేదు. పావుగంటలో తల్లిపిట్ట సాలీడు నొకదానిని తెచ్చి, ఏమియు జరుగనట్లు, మిగిలినవాని నోట పెట్టినది.

ఆరు గంటలకు మందు కొట్టు మనిషి వీపున డబ్బా తగిలించుకొని వచ్చినాడు. ఏమి చెప్పవలెనో మేము వెదకుకొనుచుండగనే మరదలు, "ఈనెలకు వద్దు, బాబూ," అని చెప్పి మజ్జిగ యిచ్చినది. అతడు చెట్టు చూచి, "అమ్మా, ఆకు మిగులదు," అనినాడు. అది నిజమే. కాని కాండము గట్టిగా నున్న కరివేప ఆకంతయు పోయినను చావదు. తొలకరి పడగానే మరల చిగిర్చునని మేమంటిమి. మరదలు మా మాట విన్నదో లేదో, "మందు పడిన పురుగును తల్లి రేపు ఆ రెండింటికి తెచ్చిపెట్టును గదా," అని మాత్రమనినది.

తరువాత మేము ముగ్గురము పుల్లలు తీసికొని, కొమ్ములు చూపి బెదరించుచున్నను వినక, పెద్దపురుగులను పదునొకండింటిని ముసలి నిమ్మచెట్టుపైకి మార్చితిమి. చిన్నవానిని కుట్టుపిట్టకే విడిచితిమి. రెండు పురుగులు అప్పటికే కరివేప కాండమునకు పట్టుదారముతో నడుము బిగించుకొని, తోక అంటించుకొని, కదలక యుండెను; అవి చిలుకలగు వేళ వచ్చినవి గనుక వానిని తాకలేదు. సీసాను ఏమి చేయవలెనో యెవరికిని తెలియలేదు. పారవేయుటకును చోటు లేనట్టి వస్తువది. విప్పకయే అంగడికి త్రిప్పి పంపుదమని తమ్ముడనినాడు.

ఆ రాత్రి చారు పొయ్యిమీద మరుగుచుండగా మరదలు పోపునకు కరివేపాకు కొరకు అలవాటుగా పెరటిలోనికి పోయి, వట్టిచేతులతో వచ్చినది. కొంతసేపాలోచించి, పిల్లను పిలిచి, ప్రక్కమేడలో కుండీలలో పెంచుకొనుచున్న వారినడిగి రెండు రెబ్బలు తెమ్మనినది. పిల్ల గడప దాటగానే మరల వెనుకకు పిలిచి, "వారేమైన మందు కొట్టినారేమో మెల్లగా కనుక్కొని మరీ తెమ్ము," అనినది.